ఇసుక నేల మీది గిటారు చేపల గురించి మత్స్యశాఖకూ, మరబోట్ల సంఘాలకూ ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల మరబోట్ల యజమానుల సంఘాల పెద్దలకు, నమస్కారాలు.

మన తీరంలో సముద్రపు నేలను రాసుకుంటూ సాగే ట్రాల్ వలలకు రొయ్యలతో పాటు చిక్కే ఒక రకం చేపల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ముందు వైపు నుంచి చూస్తే బల్లపరుపుగా ఉండే టేకు చేపలా, వెనుక వైపు నుంచి చూస్తే సొరలా కనిపించే ఈ చేపలను శాస్త్ర గ్రంథాలు గిటారు చేపలనీ, వాటికి దగ్గరివైన పెద్ద చేపలను వెడ్జ్‌ఫిష్‌లనీ వ్యవహరిస్తాయి. ఇవి బోటు మీదికి వచ్చినప్పుడు ప్రాణంతో ఉంటే, అక్కడికక్కడే గుర్తుపట్టి తిరిగి నీటిలోకి వదిలే ఏర్పాటును మీరు ఉభయులూ కలిసి చేయాలన్నది నా విన్నపం. రేవులో తనిఖీలు, కేసులు, జరిమానాలు ఆ తర్వాతి మాట కావాలని కూడా కోరుతున్నాను. నేను ప్రభుత్వోద్యోగిని గాని, బోటు యజమానిని గాని కాను. తీరప్రాంతపు కళాశాలల్లో జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. కాబట్టి చేపను గురించి కొంత గట్టిగానూ, వ్యాపారాన్ని గురించి కొంత తగ్గీ మాట్లాడతాను.

ఈ చేపలు ఇసుక నేలను నమ్ముకుని బతుకుతాయి. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా ఉన్నచోట, రాళ్లు లేని నేల మీద ఒళ్లు సగం ఇసుకలో కప్పుకుని పడుకుంటాయి. నోరు అడుగు వైపు, కళ్లు పైవైపు ఉంటాయి. కంటి వెనుక ఉన్న రంధ్రం గుండా నీటిని లోపలికి తీసుకుని, పొట్ట వైపు ఉన్న మొప్పల చీలికల గుండా బయటికి వదులుతాయి కాబట్టి, కొన్ని సొరల మాదిరిగా ఊపిరి కోసం ఎప్పుడూ ఈదుతూ ఉండవలసిన అవసరం వీటికి లేదు. పళ్లు కోసేవి కావు, నూరేవి. రొయ్యనూ, పీతనూ, ఆలిచిప్పనూ నలిపి తినడానికి అవి సరిపోతాయి. రొయ్య ఉన్నచోటికి ఈ చేప వస్తుంది, అదే చోటికి మన ట్రాల్ వలా వస్తుంది. అందువల్ల ఎవరూ ప్రత్యేకంగా ఈ చేప కోసం వేటకు వెళ్లకపోయినా, రొయ్యల వేట సాగినంత కాలమూ ఇది వలలో పడుతూనే ఉంటుంది.

పడుతూ ఉంటే నష్టమేమిటని అడగవచ్చు. కవ్వళ్లు, కానాగంతలు వంటి చిన్న చేపలు కూడా పడుతూనే ఉన్నాయి, మళ్లీ పుడుతూనే ఉన్నాయి గదా అనవచ్చు. కానాగంత వేల సంఖ్యలో గుడ్లను నీటిలోకి వదులుతుంది, ఏడాది తిరిగేసరికి దాని పిల్ల కూడా గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది. గిటారు చేపల తీరు దీనికి పూర్తిగా భిన్నం. వీటికి చుట్టరికం ఉన్న స్కేట్ చేపలు తోలు సంచుల వంటి తొడుగుల్లో గుడ్లు పెడతాయి. గిటారు చేపలు, వెడ్జ్‌ఫిష్‌లు గుడ్లను కడుపులోనే పొదిగి, పూర్తిగా ఎదిగిన పిల్లలను కొద్ది సంఖ్యలో మాత్రమే కంటాయి. ఆ పిల్ల తల్లి కావడానికి ఏళ్లు పడుతుంది. పెద్ద వెడ్జ్‌ఫిష్ సుమారు 3 మీటర్ల దాకా పెరుగుతుంది. అంత ఒళ్లు చేయడానికి ఎంత కాలం కావాలో సముద్రం మీద బతికినవారికి నేను చెప్పనక్కరలేదు. కడుపుతో ఉన్న ఒక ఆడచేప వలలో పడితే, ఆ ఏడాది ఆ నేలకు రావలసిన పిల్లలన్నీ దానితో పాటే పోతాయి.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2019లో వెడ్జ్‌ఫిష్‌లు, పెద్ద గిటారు చేపలు కలిపి 16 జాతుల స్థితిని అంచనా వేసి, ఒక్కటి తప్ప మిగిలిన 15 జాతులూ అంతరించే ప్రమాదపు చివరి అంచున ఉన్నాయని ప్రకటించింది. భూమి మీది పులికి కూడా ఆ జాబితాలో ఇంతకంటె ఒక మెట్టు మెరుగైన స్థానం ఉంది. ఇది ఎక్కడో దూరదేశాల లెక్క అనుకోవడానికి వీల్లేదు. ఈ జాతుల్లో పలువాటికి బంగాళాఖాతం, అరేబియా సముద్రం పుట్టిల్లు. రంపం వంటి ముక్కున్న చేప మన తీరంలో ఏమైందో రేవుల్లోని వృద్ధులను అడిగితే తెలుస్తుంది. ఒకప్పుడు వలలను చింపి పోగులు పెట్టే ఆ చేపను చూసి జాలర్లు విసుక్కునేవారు. ఇప్పుడు దేశంలో ఎక్కడైనా ఒకటి పడితే పత్రికలో వార్త అవుతుంది. గిటారు చేపకూ దానికీ ఉన్నది దగ్గరి బంధుత్వం. ఇసుక నేలలు, కొద్దిపాటి పిల్లలు, నేలను రాసుకుంటూ సాగే వల, ఈ మూడూ రెంటికీ సమానమే.

ఇక చట్టం సంగతి. ఇక్కడ ప్రభుత్వం వైపు జరిగిన పొరపాటును కూడా చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత కఠిన రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూలులోకి 2001లో సొర, టేకు జాతులన్నిటినీ ఒక్కసారిగా చేర్చారు. జీవనోపాధి పోతుందని తీరప్రాంతాల నుంచి నిరసన రాగా, అదే ఏడాది డిసెంబరులో ఆ జాబితాను 10 జాతులకు కుదించారు. ఆ పదింటిలో రింకోబేటస్ జిడెన్సిస్ అనే వెడ్జ్‌ఫిష్ ఒకటి. హిందూ మహాసముద్రంలో ఎక్కడ పెద్ద వెడ్జ్‌ఫిష్ దొరికినా అప్పట్లో దానికి ఆ పేరే రాసేవారు. తరువాతి కాలంలో వర్గీకరణ శాస్త్రవేత్తలు పొడల అమరికనూ, ముట్టె ఆకారాన్నీ, వెన్నుపూసల లెక్కనూ పరిశీలించి, అసలు జిడెన్సిస్ ఎర్ర సముద్రం నుంచి దక్షిణాఫ్రికా దాకా ఉన్న పశ్చిమ తీరాలకు చెందిన జాతి అనీ, మన నీళ్లలో దొరికేవి ప్రధానంగా ఆస్ట్రేలియే, లేవిస్ అనే వేరు జాతులనీ తేల్చారు. అంటే మన రేవుల్లో కోతకు గురవుతున్న చేపను వదిలి, ఇక్కడ దొరకని చేప పేరును చట్టం చాలా ఏళ్లు కాపాడింది. పుస్తకంలోని పేరును రేవులోని చేపతో పోల్చి చూసేవారు లేకపోతే చట్టం ఎంత కఠినమైనా ఇలాగే అవుతుంది.

2022లో చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణతో షెడ్యూళ్లను తిరగరాశారు. సొర, టేకు జాతుల జాబితా పెరిగింది. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటిస్) కిందికి వచ్చే జాతుల కోసం ప్రత్యేకంగా నాలుగో షెడ్యూలు వచ్చింది. ఆ ఒప్పందం కిందికి వెడ్జ్‌ఫిష్‌లనూ పెద్ద గిటారు చేపలనూ 2019లో జెనీవా సమావేశంలో, మిగిలిన గిటారు చేపల కుటుంబాన్ని 2022లో పనామా సమావేశంలో చేర్చారు. సొర రెక్కల ఎగుమతిని మన దేశం 2015లోనే పూర్తిగా నిషేధించింది. అయినా ఈ చేపల రెక్కలకు విదేశీ విపణిలో అత్యధిక ధర పలుకుతుందన్న సంగతి రేవుల్లో తెలియనిది కాదు. మొదటి షెడ్యూలులోని జంతువును వేటాడినందుకు 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కాగితం మీద ఇంతకంటె గట్టి రక్షణ కోరడానికేమీ మిగలలేదు.

కాని ఈ శిక్షను తీసుకుపోయి, వలలో ఏమి పడుతుందో ముందుగా తెలియని, బోటు నడిపే సరంగు నెత్తిన పెడితే ఏం జరుగుతుంది? అతడు ఆ చేపను రేవుకు తీసుకురాడు. నడిసముద్రంలోనే కోసి ముక్కలు చేస్తాడు, లేదా చచ్చిన తర్వాత పారేస్తాడు. చేప ఎలాగూ చచ్చిపోతుంది, లెక్క మాత్రం మాయమవుతుంది. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, భారత మత్స్య సర్వేక్షణ సంస్థ స్థావరం ఉంది. వారు రేవులో దిగిన చేపలను చూసే లెక్కలు కడతారు. దిగకుండా దాచిన చేపకు వారి పుస్తకంలో చోటుండదు. ఒక జాతి తగ్గిపోతున్నదో, కోలుకుంటున్నదో చెప్పగల ఒకే ఒక్క ఆధారాన్ని భయం చేతులారా చెరిపేస్తుంది. అందుకే, అనుకోకుండా వలలో పడిన చేపను నమోదు చేసి ప్రాణంతో వదిలిన బోటుపై ఎటువంటి చర్యా ఉండదని మత్స్యశాఖ, అటవీశాఖ కలిసి రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాను. నోటిమాట మీద ఏ సరంగూ అంత పెద్ద చట్టానికి ఎదురు నిలబడడు.

గుర్తుపట్టడం కష్టమన్న వాదన ఒకటి ఉంది. జాతి స్థాయిలో అది నిజమే, శాస్త్రవేత్తలే తడబడ్డారని పైన చెప్పాను. కాని వదలడానికి జాతి పేరు అక్కరలేదు. చేపను కొద్దిగా పక్కకు వంచి మొప్పల చీలికలు ఎక్కడున్నాయో చూస్తే చాలు. పక్కన ఉంటే సొర, అడుగున ఉంటే టేకు వర్గం. అడుగున చీలికలుండి, తోక సొర తోకలా బలంగా ఉండి, దాని మీద రెండు నిలువు రెక్కలుంటే అది మనం మాట్లాడుకుంటున్న చేప. ఆ రెండింటిలో మొదటి వెన్ను రెక్క కటి రెక్కలకు (పొట్ట వెనుక భాగపు జత రెక్కలకు) సరిగ్గా పైన నిలువుగా ఉండి, తోక చివర రెండు పాయలుగా చీలి కనిపిస్తే వెడ్జ్‌ఫిష్. మొదటి వెన్ను రెక్క బాగా వెనక్కి ఉండి, తోక చివర పాయలుగా చీలకపోతే గిటారు చేప. ముట్టె గుండ్రంగా ఉండి, కళ్ల మీదా వీపు మీదా ముళ్ల గట్లు ఉన్నది వీటిలోనే మరో రకం. ఈ కొద్ది వాక్యాలనూ బొమ్మలతో సహా, నీటికి చెడిపోని ఒక అట్ట మీద తెలుగులో అచ్చువేసి ప్రతి బోటు కేబిన్‌లో వేలాడదీయడం మత్స్యశాఖకు పెద్ద ఖర్చు కాదు. అట్ట మీద శాస్త్రీయ నామాలకు బదులు ఆయా రేవుల్లో బోటు పనివారైన కలాసీలు ఆ చేపలను పిలిచే పేర్లను వారినే అడిగి రాయించండి. శ్రీకాకుళం తీరంలో వాడే పేరు నెల్లూరు తీరంలో చెల్లకపోవచ్చు, రెండు రకాలుగా అచ్చువేయవలసి వచ్చినా వేయండి.

వదలడంలోనూ పద్ధతి ఉంది. టేకును చూస్తే కలాసీలు జాగ్రత్తగా దూరం జరుగుతారు, దాని తోక ముల్లు అటువంటిది. గిటారు చేపలకూ వెడ్జ్‌ఫిష్‌లకూ తోక మీద ఆ విషపు ముల్లు లేదు. తోక విసిరితే దెబ్బ తగలవచ్చు గాని, సరైన పద్ధతిలో పట్టుకుంటే ప్రమాదం తక్కువ. ఈ ఒక్క విషయం తెలియకనే చాలాసార్లు వాటిని కొక్కెంతో లాగి పక్కన పడేస్తారు. కొక్కెం దిగిన చేపను వదిలినా ప్రయోజనం ఉండదు. తోక పట్టుకుని వేలాడదీస్తే ఒంటి బరువుకు లోపలి భాగాలు దెబ్బతింటాయి. చిన్నదైతే రెండు చేతులతో పొట్ట కింద ఆనించి, పెద్దదైతే పాత వలగుడ్డలో ఇద్దరు పట్టుకుని, తల ముందుగా నీటిలోకి జారవిడవాలి. వల విప్పగానే ముందు వీటిని ఏరాలి, రొయ్యలు ఏరడం ముగిశాక కాదు. వెంటనే వీలుకాకపోతే సముద్రపు నీటి పైపుతో తడుపుతూ ఉంచాలి. వల నేల మీద గంటల తరబడి సాగితే సంచి అడుగున నలిగిన చేప బతకదన్నదీ నిజమే. కాబట్టి వల లాగే వ్యవధిని కొంత తగ్గించగలిగిన బోట్లు తగ్గించాలని సంఘాల పెద్దలు తమవారికి చెప్పాలి. నలగని రొయ్యకు వచ్చే ధర వారికి నాకంటె బాగా తెలుసు.

పెద్ద చేపల విషయంలో చేతితో ఏరవలసిన అవసరం కూడా లేకుండా చేయగల సాధనం ఒకటి ఇప్పటికే మీ ముందుంది. తాబేళ్లు తప్పించుకోవడానికి ట్రాల్ వలలో అమర్చమని ప్రభుత్వం ఏళ్లుగా చెబుతున్న ఊచల చట్రం అది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన నమూనాను తయారుచేసింది. ఉత్తర ఆస్ట్రేలియా రొయ్యల వేటలో ఇటువంటి చట్రాలను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక మీటరు కంటె పెద్దవైన టేకు వర్గపు చేపలు వలలో పడడం 94 శాతం తగ్గింది. చిన్నాపెద్దా అన్నీ కలిపి చూస్తే తగ్గుదల 36 శాతమే, ఎందుకంటే చిన్నవి ఊచల సందుల గుండా సంచిలోకి వెళ్లిపోతాయి. చట్రం తల్లులను కాపాడుతుంది, పిల్లలను కలాసీ చేయి కాపాడాలి. రెండూ ఉండాలని నేను కోరడానికి కారణం ఇదే. చట్రం వల్ల రొయ్య కూడా కొంత జారిపోతుందన్న బోటువారి ఫిర్యాదును నేను కొట్టిపారేయను. అది ఎంతో, ఏ రేవులో ఏ వలకు ఎంతో, బోటువారి సమక్షంలోనే కొలిచి ప్రకటించే బాధ్యతను శాఖ తీసుకోవాలి. తాబేళ్లకు రక్షణ లేదన్న కారణంతో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసిన నష్టాన్ని కూడా అదే కొలతలో లెక్కకు తీసుకోవాలి.

ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి. మరబోట్లు ఆ గీత దాటి లోపలికి రాకూడదన్నది మీకు కొత్తగా చెప్పవలసిన నియమం కాదు, దాని మీద ఎన్ని గొడవలు జరిగాయో విశాఖ తీరానికి తెలుసు. ఆ గొడవల్లో చేప గురించి ఎవరూ మాట్లాడరు. గిటారు చేపల పిల్లలు పెరిగేది ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఆ లోతు తక్కువ నీళ్లలోనే. తెప్పలవారి హక్కు కోసం గీసిన గీత ఈ పిల్లలకూ నీడ అవుతున్నదని గుర్తించి, రాత్రివేళ గీత దాటే బోట్లపై నిఘా పెంచండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం మంచిదే గాని, పెరగడానికి ఏళ్లు పట్టే చేపకు మిగిలిన పది నెలల్లో ఏమి జరుగుతుందన్నదే ముఖ్యం.

ఇవన్నీ ఊహలని ఎవరైనా అంటే, ఇదే దేశంలో జరిగినవి చూపించవచ్చు. గుజరాత్ తీరంలో ఒకప్పుడు తిమింగల సొరను నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2004 నుంచి సాగిన ప్రచారంతో, తెగ్గొట్టిన వలకు పరిహారం ఇచ్చే ఏర్పాటుతో అదే మత్స్యకారులు వందల సంఖ్యలో ఆ చేపలను విడిచిపెట్టారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2018 చివర నుంచి, రక్షిత జీవులను వదలడానికి వల కోసుకున్నవారికి 25,000 రూపాయల వరకు పరిహారం ఇస్తున్నది. మన విశాఖ దగ్గర తంతడి తీరంలో 2022 జనవరిలో వలలో చిక్కిన తిమింగల సొరను మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి తిరిగి లోతు నీటిలోకి పంపారు. మనసు లేక కాదు గాని, ఆ రోజు జరిగినదాన్ని పద్ధతిగా మార్చిన పథకం మనకింకా కావలసి ఉంది. మహారాష్ట్ర నమూనాలో వల తెగినందుకు పరిహారం ఉంటుంది. గిటారు చేప విషయంలో వల తెగడం అరుదు, వదులుకునేది చేప ధరను. కనుక ఇక్కడ పరిహారాన్ని వేరుగా లెక్కించాలి. మొబైల్ ఫోనులో తీసిన చేప ఫొటో, వదిలిన వీడియో, బోటు రిజిస్ట్రేషన్ సంఖ్య చూపితే చిన్న మొత్తమైనా త్వరగా అందాలి. ఆలస్యంగా వచ్చే పెద్ద మొత్తం కంటె అది ఎక్కువ చేపలను కాపాడుతుందని నా అభిప్రాయం.

యజమానుల సంఘాలకు ప్రత్యేకంగా ఒక మాట. డీజిల్ ధర, ఐసు ఖర్చు, కలాసీల కొరత, ఏటా తగ్గుతున్న వేట మధ్య ఇదొక కొత్త బరువని మీకు అనిపించడం సహజం. ఈ చేప మాంసం తినకూడదనో, సొర కూర పాపమనో చెప్పే ఉద్దేశం నాకు లేదు. బాలింతకు పాలసొర వండిపెట్టే తీరంలోనే నేనూ పుట్టాను. మీ ఆదాయంలో గిటారు చేపల వాటా ఎంతో మీ లెక్కల్లోనే చూసుకోండి. రొయ్య, చందువ, వంజరం పక్కన అది ఏపాటిదో తేలుతుంది. ఆ కొద్దిపాటి కోసం మీ సరంగును మొదటి షెడ్యూలు కేసులో ఇరికించే ప్రమాదాన్ని తలకెత్తుకోవడం వ్యాపార దృష్టితో చూసినా లాభం కాదు. మొదట స్వచ్ఛందంగా ముందుకు వచ్చే కొన్ని బోట్లను మీ సంఘాలే ఎంపిక చేసి శాఖకు ఇస్తే, అట్ట మీది బొమ్మల దగ్గర నుంచి పరిహారపు మొత్తం దాకా అన్నీ ఆ బోట్ల అనుభవాన్ని బట్టి సరిదిద్దుకోవచ్చు.

వేట నిషేధ కాలంలో బోట్లన్నీ జెట్టీ దగ్గరే ఉంటాయి, వలలు మరమ్మతులో ఉంటాయి, సరంగులూ కలాసీలూ ఊళ్లోనే దొరుకుతారు. ఊచల చట్రాలు బిగించడానికీ, అట్టలు పంచడానికీ, చేపను పట్టుకుని వదలడం చూపించడానికీ అంతకంటె అనువైన సమయం ఏడాదిలో మరొకటి లేదు. కమిషనర్ గారు సంఘాల ప్రతినిధులను, అటవీశాఖను, పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలను ఒకే సమావేశానికి పిలిచి, నిర్భయ నమోదు ఉత్తర్వును జూన్ 14 లోగా విడుదల చేయాలనీ, ఆ సమావేశపు తీర్మానాలను ప్రతి రేవు నోటీసు బోర్డు మీదా తెలుగులో ఉంచాలనీ ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం.